నర్సమ్మ ట్రైనింగుకెళ్ళింది

"ఇకమీదట మన నర్సులు సూదులు వేసి ఊరుకోరు. సూది వేయించుకోవాల్సిన గతి మనిషికి ఎందుకు పట్టిందో పరిశోధిస్తారు. ప్రపంచంలో ఎక్కడా లేని పని ఇది!"

2002 జనవరిలో, విజయవాడలో పత్రికల వాళ్ళ ముందు మంత్రిగారు ఈ మాట అనగానే హాలు దద్దరిల్లింది. దద్దరిల్లజేసింది మా ఆఫీసు స్టాఫే. ఆ వాక్యం రాసింది నేను. ఆరోగ్య శాఖలో ప్రచార అధికారిగా ఇరవై రెండేళ్ళుగా నేను చేస్తున్న పని అదే, ఒకరి నోటికి వాక్యాలు అందించడం. దోమల మీద, అతిసారం మీద నేను రాసిన నినాదాలు ఊరూరా గోడల మీద ఉన్నాయి. దోమలూ ఉన్నాయి.

పథకం ఒక విదేశీ సంస్థది. పేదవాడికి జబ్బు చేస్తే దానికి క్రిమి ఒక్కటే కారణం కాదు, తాగే నీళ్ళు, ఉండే ఇల్లు, చేసే పని, ఆస్పత్రికి పోయే రోడ్డు, అన్నీ కారణాలే. జనం మధ్య తిరిగే నర్సులే వాటిని పరిశోధించాలని ఆ సంస్థ ఉద్దేశం. ఇంగ్లీషులో వీటిని సోషల్ డిటర్మినెంట్స్ ఆఫ్ హెల్త్ అంటారు. తెలుగు చేసే భారం నా మీద పడింది. మూడు నిఘంటువులు తిరగేసి 'ఆరోగ్య సామాజిక నిర్ణాయకాంశములు' అని రాసి, మా పై అధికారి తిరుపతిరావుగారికి చూపించాను. ఆయన రెండుసార్లు చదివారు.

"కాశీరావుగారూ, మీకేమన్నా అర్థమైందా?"

"లేదు సార్."

"నాకూ కాలేదు. బేనరు రాయించెయ్యండి."

మొదటి బ్యాచ్‌లో నలభై మంది పల్లెటూరి నర్సులు. పదిహేను రోజుల శిక్షణ. రాకపోతే ఛార్జి మెమో అని ఉత్తర్వు తయారుచేసింది కూడా నేనే. ఉత్తర్వు అందిన మర్నాడే నాగమల్లేశ్వరి అనే నర్సు నా టేబుల్ ముందుకొచ్చి నిలబడింది. ఉయ్యూరు అవతల, కాలవ గట్టు మీద ఉన్న ఊళ్ళో సబ్‌సెంటర్ ఆమెది. ఊళ్ళో ఎక్కువమంది చేపలు పట్టి అమ్ముకునేవాళ్ళు.

"సార్, నన్ను రెండో బ్యాచ్‌లో వెయ్యండి. మా ఊళ్ళో పెద్దింట్లమ్మ అని ఒకావిడకి నెలలు నిండాయి. మొదటి కాన్పులో రక్తం బాగా పోయి చావు తప్పించుకుంది. ఈసారి నొప్పులు మొదలవగానే నేనే దగ్గరుండి బెజవాడ పెద్దాస్పత్రికి తీసుకొస్తానని మాటిచ్చానండి."

నాకు జాలి కలిగింది. పథకం సారాంశం ఈమెకు బొత్తిగా తలకెక్కలేదే అని.

"చూడమ్మా, ఈ శిక్షణంతా దేనికోసం? ఈక్విటీ కోసం. సమన్యాయం! ముప్ఫై తొమ్మిది మందికి ఒక రూలు, మీకో రూలు అంటే సమన్యాయం ఏమైపోవాలి?"

"ఈక్విటీ అంటే అవసరం ఎక్కువున్నవాళ్ళకి ఎక్కువ చెయ్యడం కాదాండీ?"

"అది ఎనిమిదో రోజు పాఠం. మీరు ముందే చదివేస్తే ఎలా?"

ఆమె నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. నర్సు ట్రైనింగులో ఉందని మా ఆఫీసు పంపిన అచ్చు నోటీసు సబ్‌సెంటర్ తలుపుకి అంటించి, తాళం వేసి, ఫిబ్రవరి మొదటి సోమవారం పొద్దున్నే విజయవాడ వచ్చి మూడో వరసలో కూర్చుంది. తొమ్మిదింటికి మొదలవ్వాల్సిన ప్రారంభోత్సవం మంత్రిగారు పన్నెండున్నరకి రావడంతో పన్నెండున్నరకే మొదలైంది. హాలు నిండుగా కనిపించాలని చుట్టుపక్కల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లను కూడా నేనే పిలిపించాను. హాలు చాలా నిండుగా కనిపించింది.

పెద్దింట్లమ్మకి ఆ రోజు పది గంటలకు నొప్పులు మొదలయ్యాయి. ఆమె భర్త నాగబాబు సబ్‌సెంటర్‌కి పరిగెత్తి, చదువొచ్చిన ఒకాయన చేత తలుపు మీది నోటీసు చదివించుకున్నాడు. ఆటో మాట్లాడుకుని దారిలో ఉన్న ఆరోగ్య కేంద్రానికి వెళ్ళారు. డాక్టరుగారు లేరు. ఆ సమయానికి ఆయన మా హాల్లో రెండో వరసలో కూర్చుని మంత్రిగారి కోసం ఎదురుచూస్తున్నారు. ఇక భార్యాభర్తలు విజయవాడకే పోదామనుకున్నారు. చెరకు సీజను. ఫ్యాక్టరీకి పోయే ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా బారులు తీరి ఉన్నాయి. కంకిపాడు చేరేసరికి ఆటో కదలడం మానేసింది. అక్కడే, బస్సు కోసం నిలబడిన నలుగురు ఆడవాళ్ళు పైటకొంగులు అడ్డం పట్టుకుంటే, పెద్దింట్లమ్మ ఆడపిల్లను కన్నది. విజయవాడ ఆస్పత్రికి చేరేటప్పటికి మనిషి తెల్లగా పాలిపోయింది. రెండు సీసాల రక్తం ఎక్కించాక గాని కళ్ళు తెరవలేదు.

కబురు తెలిసి నాగమల్లేశ్వరి నన్ను పర్మిషన్ అడగలేదు. పుస్తకం మూసి ఆస్పత్రికి వెళ్ళిపోయింది. హాజరు పట్టీలో ఆబ్సెంట్ వెయ్యడానికి నేను పెన్ను తీశాను. ఆ క్షణాన ఇంకు రాలేదని రాస్తే బాగుంటుంది గాని, ఇంకు బాగానే వచ్చింది.

రెండో వారం ఫీల్డ్ వర్కు. నర్సులందరూ ఎవరి ఊళ్ళో వాళ్ళు సర్వే చెయ్యాలి. నాగమల్లేశ్వరి ఎనభై ఇళ్ళు తిరిగింది. మిగతావాళ్ళు నేను సూచించిన అంశాల మీద చేశారు, పారిశుద్ధ్యం, అక్షరాస్యత, మూఢనమ్మకాలు. వాటిల్లో తప్పు ఎప్పుడూ జనానిదే కాబట్టి నేను ఎవరికైనా ముందు అవే సూచిస్తాను.

చివరి రోజు నివేదికలు వినడానికి విదేశీ సంస్థ తరపున ఒక పెద్దావిడ వచ్చింది. నర్సులు తెలుగులో చెబితే నేను పక్కన నిలబడి ఇంగ్లీషు చెయ్యాలి. నాగమల్లేశ్వరి వంతు వచ్చింది.

"గడిచిన ఆరునెలల్లో మా ఊళ్ళో అవసరానికి వైద్యం అందనివాళ్ళు డెబ్బై ఒక్కమందండి. ఎందుకందలేదని అడిగితే యాభై రెండు మంది ఒకటే మాట చెప్పారు, నర్సమ్మ ట్రైనింగుకెళ్ళింది అని. లెక్క చూసుకుంటే ఆరునెలల్లో ట్రైనింగులకీ మీటింగులకీ కలిపి నేను డెబ్బై నాలుగు రోజులు ఊళ్ళో లేను. మా ఊరికి సంబంధించినంతవరకు ఆ నిర్ణాయకాంశమేదో నేనేనండి."

నేను గొంతు సవరించుకుని, ప్రజల్లో అవగాహన తక్కువగా ఉందని సిస్టర్ విచారం వ్యక్తం చేస్తున్నారని స్వచ్ఛమైన ఇంగ్లీషులో చెప్పాను.

నర్సుల చదువు ఇంగ్లీషులోనే సాగుతుందన్న సంగతి నాకు తట్టలేదు. నాగమల్లేశ్వరి మైకు తీసుకుని, తను చెప్పిందేమిటో, నేను చెప్పిందేమిటో, పెద్దింట్లమ్మకి జరిగిందేమిటో నెమ్మదిగా ఇంగ్లీషులో చెప్పింది. పెద్దావిడ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. లేచి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుని ఏదో చెప్పింది.

తిరుపతిరావుగారు నా చెవి దగ్గరికి వంగారు. "తిడుతోందా?"

"మెచ్చుకుంటోంది సార్."

"దేనికి?"

"మనల్ని తిట్టినందుకు."

తిరుపతిరావుగారు లేచి అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు.

తరవాత పనులు చకచకా జరిగాయి. నాగమల్లేశ్వరిని శాశ్వత శిక్షకురాలిగా విజయవాడలో వేశారు. నన్ను ఊరికి పంపండి సార్ అని ఆమె మూడు అర్జీలు పెట్టుకుంది. "ఊళ్ళో లోపం కనిపెట్టిన మనిషిని తీసుకెళ్ళి మళ్ళీ ఊళ్ళోనే పెడతామా? తెలివి వృథా కాదూ?" అన్నారు తిరుపతిరావుగారు. ఆమె స్థానంలో వేరే నర్సును వెయ్యాలని ఫైలు పెట్టాం. కొత్త నర్సుకి ముందు ఆరు వారాల ట్రైనింగు తప్పనిసరి అని ఫైలు తిరిగొచ్చింది.

నివేదిక సారాంశాన్ని మంత్రిగారికి నేనే విన్నవించాను. ఆయన చాలాసేపు ఆలోచించారు.

"అంటే, నర్సు లేకపోవడం వల్ల జనం ఇబ్బంది పడుతున్నారు."

"అవునండి."

"అయితే నర్సు లేకుండా ఎలా నెట్టుకురావాలో జనానికే ట్రైనింగు ఇద్దాం."

అంత సూటిగా ఆలోచించడం నా వల్ల అయ్యే పని కాదు. రెండో దశకు నన్నే కోఆర్డినేటర్‌ని చేశారు.

ఏప్రిల్ నెలాఖరున మొదటి శిబిరం. జనం లోంచి ఆదర్శప్రాయంగా నిలిచిన ఒకరిని వేదిక ఎక్కించాలి. జీపు పంపించి పెద్దింట్లమ్మను రప్పించాను. పిల్లను భుజాన వేసుకుని వచ్చింది. మంత్రిగారు శాలువా కప్పి మైకు ముందుకు పిలిచారు.

"చెప్పమ్మా. నర్సు లేదు. డాక్టరు లేడు. రోడ్డు మీద బండి కదల్లేదు. అలాంటి పరిస్థితిలో అధైర్యపడకుండా నువ్వు ఏం చేశావు?"

పెద్దింట్లమ్మ మంత్రిగారి వంక చూసింది. బోర్డు పక్కన చాక్‌పీసు పట్టుకుని నిలబడ్డ నాగమల్లేశ్వరి వంక చూసింది.

"ఏం చేత్తానండీ," అంది. "అరిచాను."

వేదిక మీది వాళ్ళంతా నా వైపు తిరిగారు. వాక్యాలు అందించేవాణ్ణి నేనే గదా. చీటీ మీద రాసి పంపాను. మంత్రిగారు పైకి చదివారు. "ప్రజా భాగస్వామ్యంతో కూడిన అత్యవసర సమాచార వ్యూహం!"

చప్పట్లకి పిల్ల ఉలిక్కిపడి లేచి గుక్కపట్టింది. నాగమల్లేశ్వరి చాక్‌పీసు పడేసి వచ్చి పిల్లను ఎత్తుకుంది. ఒళ్ళు తడిమి చూసింది. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది.

"దీనికి టీకాలు వేయించావా?"

"ఎవరేత్తారమ్మా? మీరిక్కడున్నారు గదా."

హాలంతా వినబడింది. తిరుపతిరావుగారు నా భుజం తట్టారు.

"కాశీరావుగారూ, మినిట్స్‌లో ఇది రాయకండి."

"రాయను సార్," అన్నాను. "అలవాటే."