హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్ద డాక్టర్

మావారు రమాకాంత్ ఊపిరితిత్తుల డాక్టరు. హన్మకొండలో అందరూ ఆయన్ని దమ్ము డాక్టర్ అంటారు. వెంటిలేటర్ మీదున్న మనుషుల చేత సొంతంగా ఊపిరి పీల్పించి ఇంటికి పంపుతారని పేరు. కన్నతల్లి చేత మాత్రం ఒక్క ఇన్‌హేలర్ పీల్పించలేకపోయారు.

మా అత్తమ్మ మొగిలమ్మది పరకాల. మిరపకాయల కాలం వస్తే చాలు, ఆవిడ ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. మొన్న మెట్లెక్కుతూ పెదవులు నీలంగా మారేసరికి ఆయన భయపడ్డారు. ఆవిడ భయపడలేదు.

"పంపు ఒకపారి మూతికి పెట్టుకుంటె సచ్చేదాక ఇడువది. వాడకట్టుల ఏమనుకుంటరు?" అంది ఇన్‌హేలర్‌ని పక్కకు నెట్టి.

పేషెంట్లకు చెప్పినట్టే చెప్పమన్నాను మావారికి.

"నా ముక్కు తుడిచి పెంచిన మనిషి, నా మాట ఇంటదా?" అన్నారు.

అందుకని ఒక పథకం వేశారు. ఐసీయూలో తన కింద పనిచేసే జూనియర్ డాక్టర్ ఉదయ్‌ని, హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్ద డాక్టరని చెప్పి ఇంటికి తేవడం. దొరికిపోతారన్నాను. ఐసీయూనే నడిపేవాణ్ణి, ఇదొక లెక్కా అన్నారు.

ఆదివారం ఉదయ్ టై కట్టుకుని దిగాడు. పాపం, ఆ టై తప్ప అతనిలో హైదరాబాద్ ఏమీ లేదు. కుర్చీ వేస్తే కూర్చోడు. మావారు కూర్చున్నాక కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. మావారు దగ్గితే లేచి నిలబడ్డాడు.

అత్తమ్మ ఎంతో మర్యాదగా పరీక్ష చేయించుకుంది. పంపు రోజూ పొద్దున, సాయంత్రం పీల్చాలని, అది మత్తుమందు కాదని ఉదయ్ వివరించాడు. మావారు ఏళ్ల తరబడి చెబుతున్న మాటలే. అత్తమ్మ కొత్తగా విన్నట్టు తలూపింది. మావారు నావైపు గర్వంగా చూశారు.

"సార్, ఎట్లాగూ వచ్చిండ్రు. మా కొడుకును గూడ జర చూడుండ్రి," అంది అత్తమ్మ. "ఊరోళ్ల ఊపిరంత చూస్తడు గని, మెట్లెక్కితె నాకంటె ఎక్కువ రొప్పుతడు."

ఉదయ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. మావారు కళ్లతో బెదిరించారు. అత్తమ్మ వదల్లేదు. చివరికి ఊపిరి బలం కొలిచే గొట్టంలో మావారు ఊదక తప్పలేదు. ముల్లు సగం దాకా కూడా ఎక్కలేదు. అది చూసి ఉదయ్‌లోని డాక్టరు తన జూనియర్‌తనం మరిచిపోయాడు.

"సార్, రోజు పొద్దుగాల్ల వాకింగ్. బజ్జీలు, బిర్యానీ బంద్," అనేసి, ఆ మాట అన్నది తనేనా అన్నట్టు బిక్కచచ్చిపోయాడు.

అతన్ని సాగనంపి వంటింట్లోకి వెళ్తే అత్తమ్మ ఉల్లిగడ్డలు తరుగుతోంది.

"పెద్ద డాక్టరట. మనోడు కూసునేదాక కూసోలే," అంది తాపీగా.

తెలిసీ ఎందుకు ఊరుకున్నారని అడిగాను. తన కొడుకు ఊపిరి చూసే డాక్టరు మళ్లీ ఎప్పుడు దొరుకుతాడని ఎదురడిగింది.

మర్నాడు తెల్లారేసరికి ఆవిడ పంపు పీల్చి, నోరు పుక్కిలించి, కొడుకు మంచం పక్కన నిలబడింది. ఆయన దుప్పటి ముసుగులోంచే గొణిగారు.

"ఆ ఉదయ్‌గానికి ఏం తెలుస్తదే అమ్మా, నిన్నగాక మొన్న..." అని అక్కడే ఆగిపోయారు.

"నిన్నగాక మొన్న ఏంది బిడ్డా? ఆయన పెద్ద డాక్టర్ గాదా? కాకపోతె చెప్పు, ఈ పంపు పక్కకు పెడ్త."

మావారు నావైపు చూశారు. నేను ఫ్యాను వైపు చూశాను.

"చానా పెద్ద డాక్టరే," అని, బూట్లు ఎక్కడున్నాయని అడిగారు.