లఘు సంహితలో అత్తగారి స్థానం

రాజ్యాలు కూలేది శత్రువుల వల్ల కాదు. ఏ పని ఎవరిదో ముందుగా రాసిపెట్టుకోకపోవడం వల్ల. సోమవారం ఉదయం పళ్లు తోముకుంటూ మేనేజరు ఈ సత్యాన్ని అద్దానికి మరొకమారు విన్నవించాడు. ఆయన రాజ్యం ఇంటి ముందుగది. జనాభా ముగ్గురు: ఆయన, ఆయన భార్య, ఆమె తమ్ముడు. ఆయన ప్రణాళికలు వేస్తాడు. బావమరిది ప్రోగ్రాములు రాస్తాడు. భార్య వాటిని పరీక్షించి తప్పులు పడుతుంది. ఈ చివరి శాఖకు విడిగా శిక్షణ ఇవ్వాల్సిన అవసరం కలగలేదు.

ప్రస్తుతం రాజ్యం ముందున్న కార్యం ఒక్కటే. ఊళ్లూళ్లా శాఖలున్న ఒక పళ్ల ఆసుపత్రికి, రోగులను టోకెన్ నంబరు ప్రకారం వరసగా పిలిచే సాఫ్ట్‌వేర్ కావాలి. దానితోపాటు ఒక షరతు: పని యావత్తూ శాస్త్రోక్తమైన పద్ధతిలో జరగాలి. ఆ పద్ధతిని బోధించే గ్రంథాన్ని కూడా ఆసుపత్రివారే పంపారు. దాన్ని ఎత్తినవాడికి నడుం పట్టేస్తుంది, చదివినవాడికి నిద్ర పట్టేస్తుంది. శుక్రవారం తనిఖీకి మనిషి వస్తుంది. ఆమె సరేనంటే ఆసుపత్రి శాఖలన్నీ తమవే. కాదంటే మేనేజరుకు మిగిలేది తోడల్లుడి కంపెనీ. ఆ మహానుభావుడు కనబడినప్పుడల్లా, "మీకోసం ఒక కుర్చీ ఖాళీగానే ఉంచానండోయ్, నా గది బయటే!" అని భుజం తడుతుంటాడు. ఆ తట్టుడు తలచుకుంటేనే మేనేజరుకు భుజం మండుతుంది.

గ్రంథం వందలమంది పనివాళ్లున్న సంస్థల కోసం పుట్టింది. కానీ చివరి అధ్యాయంలో ఒక కరుణావాక్యం ఉంది: చిన్న బృందాలు దీనిని తమ ఒడ్డూ పొడుగులకు తగినట్టు కుదించుకోవచ్చును. మేనేజరు విజృంభించాడు. పర్వతాన్ని చెక్కి గులకరాయిని చేశాడు. దానికి 'లఘు సంహిత' అని నామకరణం చేసి ముందుగది గోడకు తగిలించాడు. ఎంత చెక్కినా అరగని నిబంధన ఒక్కటే మిగిలింది: నాణ్యత చూసే అధికారి ఒకరుండాలి. ఆ మనిషి పనిలో వేలు పెట్టి ఉండకూడదు, మేనేజరుకు భయపడకూడదు, అవసరమైతే పనిని ఆపించగలగాలి.

తనకు భయపడని మనిషి కోసం ఆయన దేశాలు గాలించనక్కర్లేదు. కూతురిని చూసిపోదామని వచ్చిన అత్తగారు పక్కగదిలోనే ఉన్నారు. లైబ్రరీలో 'ష్' అనే ఒక్క అక్షరంతో ఉద్యోగం యావత్తూ వెళ్లదీసి, మొన్ననే రిటైరైన మనిషి.

"మీరు చేయాల్సిందేం లేదత్తయ్యా. ఊరికే కుర్చీలో కూర్చుని, ఆఖర్న 'బాగుంది' అనాలి. అంతే."

"బాగోకపోతేనో?"

"బాగుంటుందండీ."

"అదీ మీరే చెప్పేస్తే ఇక నేనెందుకు బాబూ?" అంటూ ఆవిడ కళ్లజోడు తుడుచుకుని, గోడమీది సంహితను దింపించుకుని, సాయంత్రంలోగా పొల్లుపోకుండా చదివేసింది. ఆ శాసనాన్ని ఆద్యంతం చదివిన మొదటి వ్యక్తి ఆవిడే, రాసినవాణ్ని లెక్కలో వేసుకున్నా సరే.

బుధవారం సమీక్ష మొదలైంది. బావమరిది మీట నొక్కాడు. కంప్యూటరు గంభీరంగా, "టోకెన్ నంబరు పది" అంది. ఆ వెంటనే, అంతే గంభీరంగా, "టోకెన్ నంబరు పన్నెండు" అంది.

"మరి పదకొండో? వాడి పన్ను ఎవడు పీకుతాడ్రా, మొద్దూ!" అన్నాడు మేనేజరు.

"ఆపండి" అని గుమ్మం దగ్గరి కుర్చీలోంచి వినిపించింది.

"ఏమిటండీ ఆపేది?"

"పని. ఆరో నిబంధన. సమీక్షలో అనాల్సింది పనిని గానీ మనిషిని కాదు. మీరు రాసిందే బాబూ, కింద గీత కూడా గీశారు."

"అయ్యో, వాడు నా బావమరిదండీ! ఆ మాత్రం అనుకోకపోతే బావా బావమరుదుల సరసం ఇంకెందుకు?"

"సరసాలు గడప అవతల. ఇక్కడ నేను అధికారిని. ఆ మాట వెనక్కి తీసుకునేదాకా పని కదలదు."

బావమరిది కీబోర్డు మీంచి చేతులు తీసి, ఒళ్లు విరుచుకుని, "నాదేముంది బావా, నేనెప్పుడూ రెడీయే. కానీ నిబంధన కదా" అన్నాడు. వాడి ముఖాన విచారం తాలూకు జాడ భూతద్దానికి కూడా దొరికేది కాదు.

మేనేజరుకు అరికాలి మంట నెత్తికెక్కింది. పదకొండును మింగినవాడు బాధితుడట! అడిగినవాడు నేరస్థుడట! అందులోనూ తన కూడు తిని... కాదు, ఆ మాట న్యాయం కాదు. ఆవిడ వచ్చినప్పటి నుంచీ వంట ఆవిడదే. అది మరింత మండించింది.

అధికారిణి తాఖీదును తిరగదోడాలంటే మార్పుల సభ కూర్చోవాలి. మూల గ్రంథంలో అది పెద్ద కొలువు. మేనేజరు దాన్ని ముగ్గురికి కుదించి, అధ్యక్షుడైన తాను నిష్పక్షపాతంగా కనబడాలని, ఓట్లు సమానమైతేనే తన ఓటు అని గొప్పగా రాసుకున్నాడు. సభ్యులు పరీక్షకురాలు, ప్రోగ్రామరు, నాణ్యతాధికారిణి. కుర్చీలు లాక్కుని అందరూ కూర్చున్నాక గానీ, ఆ సభ తన అత్తవారి వంశవృక్షమని ఆయనకు తట్టలేదు.

"నాణ్యతాధికారికి పని ఆపించే హక్కు తీసేయాలని ప్రతిపాదిస్తున్నాను!"

మూడు చేతులు వ్యతిరేకంగా లేచాయి. భార్య చేతిలో కాఫీ గ్లాసు కూడా ఉంది.

"నువ్వెవరి పక్షమే అసలు?"

"ఇప్పుడు పరీక్షకురాలినండీ. భార్యగా అయితే మీ పక్షమే. ఆఫీసు టైము అయ్యాక అడగండి."

తాను వరమిచ్చిన చెయ్యి తన నెత్తిమీదికే వస్తుంటే శివుడైనా పరిగెత్తాడు. మేనేజరుకు పరిగెత్తడానికి చోటు లేక, ముందుగదిలోనే అటూ ఇటూ తిరిగాడు. తిరిగి తిరిగి తలుపును ధడాలున వేశాడు. గోడమీది సంహిత ఊడి కంప్యూటరు మీద పడింది. తెర ఒక్క క్షణం నల్లబడి మళ్లీ వెలిగింది.

"చూశావా అక్కా?" అన్నాడు బావమరిది.

"చూశాను" అంది భార్య. సంహిత ప్రకారం ప్రాజెక్టుకు రాగల ముప్పులను ముందే పసిగట్టే బాధ్యత కూడా ఆమెదే. "ముప్పులు రెండున్నాయమ్మా. ఒకటి, కరెంటు పోవడం. రెండు, మేనేజరు గారి కోపం."

"రెండోదానికి విరుగుడు?" అడిగింది అధికారిణి.

"ముప్పును పని జరిగే చోటికి దూరంగా ఉంచాలి. పదో నిబంధన."

ఆ విధంగా, గురువారం ఉదయం, తన రాజ్యంలో తాను రాసిన శాసనం ప్రకారం, మేనేజరు బాల్కనీకి బహిష్కృతుడయ్యాడు. అక్కడ వాషింగ్ మెషీనుకూ ఆరేసిన దుప్పటికీ నడుమ పీట వేశారు. పీట మీద కూర్చుని ఆయన మహోపన్యాసాలు సిద్ధం చేసుకున్నాడు. తోడల్లుడి దగ్గర చేరనైనా చేరతాను గానీ ఆ మాట వెనక్కి తీసుకోనని దుప్పటి ఎదుట ప్రతిజ్ఞ చేశాడు. దుప్పటి అభ్యంతరం చెప్పలేదు.

సరిగ్గా అప్పుడు కాలింగ్ బెల్ మోగింది. తనిఖీ అధికారిణి ఒకరోజు ముందే వచ్చేసింది.

"మేనేజరు గారు లేరా?" అన్న గొంతు వినబడింది.

"ఉన్నారండీ. ముప్పు కింద గుర్తించి బాల్కనీలో పెట్టాం" అన్నాడు బావమరిది వినయంగా.

మేనేజరు దుప్పటి తప్పించుకుని వచ్చేసరికి బట్టల క్లిప్పు ఒకటి ఆయన కాలరును పట్టుకుని వేలాడుతూనే ఉంది. తనిఖీ అధికారిణి అప్పటికే కథంతా విన్నది. పని ఆగిపోవడం, సభ కూర్చోవడం, సంహిత ఊడిపడడం, ఒక్కటీ దాచలేదు దుర్మార్గులు. ఆమె ముఖంలో ఏ భావమూ లేదు. గది బయట వేసిన ఒక ఖాళీ కుర్చీ మేనేజరు కళ్లముందు కదలాడింది.

"పని ఆపించింది ఈవిడేనా?"

"అవునండీ."

"మీకు ఏమవుతారు?"

దాచి లాభం లేదు. "అత్తగారండీ" అన్నాడు నేలచూపులతో.

తనిఖీ అధికారిణి కళ్లజోడు తీసింది.

"ఎన్ని పెద్ద కంపెనీలు చూశానో లెక్కలేదండీ. ఎక్కడికెళ్లినా నాణ్యతాధికారి మేనేజరు ముఖం చూసి తలూపుతాడు. మేనేజరు మీదే చర్య తీసుకున్న బృందాన్ని ఇక్కడే చూస్తున్నాను. అందులోనూ అత్తగారంటున్నారు. స్వతంత్రతకు ఇంకేం రుజువు కావాలి? ఆర్డరు మీదే. కానీ ఆపిన పని ఆపినట్టే ఉందిగా. ఆ మాటేదో వెనక్కి తీసేసుకుంటే నేను సంతకం పెట్టి వెళ్తాను."

అందరూ ఆయన వంక చూశారు. ఒక పక్క తోడల్లుడి అరచెయ్యి, మరొక పక్క ఒక్క మాట. మేనేజరు బావమరిది వైపు తిరిగాడు.

"ఒరేయ్... నువ్వు మొద్దువి కావు."

"కొంచెం గట్టిగా బాబూ, గుమ్మం దాకా రాలేదు" అన్నారు అత్తగారు.

"కావు! కావు! కానే కావు!"

"పదకొండు మాత్రం నేనే మర్చిపోయాను బావా, ఇప్పుడే చేర్చేస్తా" అన్నాడు బావమరిది ఉదారంగా.

"బాగుంది" అన్నారు అత్తగారు.

సాయంత్రానికి మేనేజరు ధర్మాగ్రహం చల్లారింది. రాత్రి భోజనాల వేళకు, అత్తగారిని నియమించిన దూరదృష్టి ఎవరిదో తోడల్లుడికి ఫోనులో సవిస్తరంగా వర్ణిస్తున్నాడు.

తరువాతి సోమవారం నలుగురూ ఇస్త్రీ బట్టలతో ఆసుపత్రి వరండాలో నిలబడ్డారు. తెర వెలిగింది. శాస్త్రోక్తంగా పుట్టి, నిషేధాన్ని జయించి, సంతకం పొందిన ఆ గొంతు, "టోకెన్ నంబరు ఒకటి" అని పలకబోతుండగా, నర్సు లోపలి గది తలుపు తీసి, బల్లమీద కూర్చున్న ఒకే ఒక్క రోగిని పేరు పెట్టి పిలిచింది.