చక్రాల పునఃప్రతిష్ఠ

సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు ఇంటి ముందు కారు ముందు చక్రాల పునఃప్రతిష్ఠ జరుగునని అల్లుడుగారు కుటుంబ సభ్యులకు తెలియజేశారు. ఆ చక్రాలను ముందురోజు ఆయనే విప్పి, సబ్బుతో కడిగి, ఎండబెట్టారు. ఎందుకు విప్పారని అడిగే అర్హత ఆ ఇంట్లో ఎవరికీ లేదు. పది గంటలకు ఆయన భార్యకు, అంటే అత్తగారి కూతురికి, ఉద్యోగం ఇంటర్వ్యూ, మూడేళ్ళు ఎదురుచూస్తే వచ్చినది. బస్సులో వెళ్తానంటే ఆయన ఒప్పుకోలేదు.

అత్తగారు మెట్ల మీద కూర్చుని కారుతో వచ్చిన పుస్తకం చదువుతోంది. అరవై రెండో ఏట, నిరుడే, అక్షరాలు దిద్దిన మనిషి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, మాత్రల అట్ట దగ్గర్నుంచి కరెంటు స్తంభం మీది బోర్డు దాకా కంటబడిన దేన్నీ చదవకుండా వదలదు. ఆ పుస్తకం ప్లాస్టిక్ కవరు, కారు కొన్న ఆరేళ్ళకు, చింపింది ఆవిడే.

వేలు పెట్టి కూడబలుక్కుంటూ పదకొండో పేజీకి చేరింది. నట్లు ముందు చేత్తో తిప్పాలట. ఒకటి బిగించాక దాని ఎదుటిది బిగించాలట. జాకీ దించి, చక్రం నేలకు ఆనాకే గట్టిగా బిగించాలట.

అల్లుడుగారు బండి జాకీ మీద ఉండగానే వరసబెట్టి బిగించేశారు. స్పానర్ తిప్పితే చక్రం కూడా గాల్లో తిరిగింది.

"చూశారా పట్టు! నట్టు తిప్పితే చక్రమే తిరుగుతోంది!"

పక్కింటి లెక్చరర్ గారు గోడ మీంచి చప్పట్లు కొట్టారు.

"బాబూ, ఇందులో ఏదో రాసుంది..." అంది అత్తగారు, కొంగు సవరించుకుంటూ.

ఆయన స్పానర్ ఎత్తిపట్టి ఉపన్యసించారు. "అత్తయ్యగారూ! పుస్తకాలు రాసేది తెలియనివాళ్ళ కోసం. తెలిసినవాడికి పుస్తకం చూపించడం చేపపిల్లకి ఈత నేర్పడమే!"

"ఏం రాసుందమ్మా?" అంది కూతురు.

చెప్పడానికి ఒక్క ముక్క చాలు. కానీ నలుగురిలో అల్లుడి పని తప్పనడం పెద్దరికమా? పైగా 'బిగించవలెను' అన్న మాట తాను సరిగ్గా చదివిందో లేదో!

"ఏం లేదే, నెమ్మదిగా నడపమంది" అని పుస్తకం మూసి, అల్లుడుగారు జాకీ దించి స్టీరింగ్ ముందు కూర్చోగానే తనూ కారెక్కి కూతురి పక్కన కూర్చుంది. అల్లుణ్ణి నొప్పించడం కన్నా కూతురితోపాటు పోవడమే మర్యాదగా తోచింది.

వీధి మలుపులో ఎడమ చక్రం కారును వదిలి ముందుగా వెళ్ళిపోయింది. కారు ఓ పక్కకి కూలబడి ఊరుకుంది. కూతురు చెప్పులు చేతపట్టుకుని బస్సు కోసం పరుగెత్తింది. పదిన్నరకు చేరితే, ఆలస్యంగా వచ్చినవాళ్ళను లోపలికి పంపరన్నారట.

సాయంత్రం కుటుంబ విచారణ జరిగింది. అల్లుడుగారు పుస్తకం తెప్పించుకుని చదివి, బాధ్యులెవరో తేల్చారు.

"ఇంత స్పష్టంగా రాసుంది. ఇంట్లో చదువుకున్న మనిషి ఉండి కూడా నోరు విప్పకపోతే ఎలా, అత్తయ్యగారూ?"

కూతురు మొహం తిప్పేసుకుంది. అత్తగారు సిగ్గుపడవలసిన సమయమే. కానీ 'చదువుకున్న మనిషి' అన్న మాట చెవిలో తేనె పోసినట్టుంది. ఆయన అన్నదాంట్లో అబద్ధమూ లేదు. తప్పని తెలిసీ నోరు మూసుకుని అదే బండెక్కే విద్య పట్టుబడటానికి మనబోటివాళ్ళకు డిగ్రీలు కావలసివచ్చాయి. ఆవిడకు ఏడాదిలోనే వచ్చేసింది.