కాపలా కమిటీ కార్యదర్శి ఆమేన్

దుర్బోధకుల్ని ఎవరైనా ఒక్క మాటంటే నేను ఊరుకోను! లేని వాక్యాన్ని ఉన్నట్టు వినిపించి, ఉన్న వాక్యాన్ని లేనట్టు దాటేసే ఆ మహానుభావులు క్రైస్తవ సంఘాలకు దొరికిన వరం. నవ్వకండి. నేను చాలా సీరియస్‌గా చెబుతున్నాను.

ముందు నా సంగతి చెప్పుకోవాలి. నాది తాళాల షాపు. మా సంఘంలో దుర్బోధ కాపలా కమిటీ వేసినప్పుడు, దొంగల గురించి తాళాలవాడికి తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుందని నన్ను కార్యదర్శిని చేశారు. నీలం రంగు బ్యాడ్జీ కూడా ఇచ్చారు. దుర్బోధ లేకపోతే ఈ కమిటీ ఉండేదా? కమిటీ లేకపోతే బ్యాడ్జీ ఉండేదా? బ్యాడ్జీ లేకపోతే మా ఆవిడ కనీసం ఆదివారం పూటైనా నన్నో మనిషిగా లెక్కేసేదా? మీరే చెప్పండి!

పైగా దుర్బోధ వినడంలో ఎంత సుఖం! మంచి బోధకుడు వచ్చాడనుకోండి, ప్రాణం తీస్తాడు. ఫలానా అధ్యాయం తీయమంటాడు. తీయాలి. పై వచనం కూడా చూడమంటాడు. కళ్ళజోడు వెతుక్కోవాలి. ఆ తర్వాత ఆ వచనం ప్రకారం ఇంట్లో ఎలా ఉంటున్నావని అడుగుతాడు. ఇదెక్కడి గొడవండీ? అదే దుర్బోధకుడైతే, పక్కవాడి వైపు తిరిగి "నువ్వు ధన్యుడివి" అని చెప్పమంటాడు. చెప్పేస్తే సరిపోతుంది. పక్కవాడు కూడా మనకు అదే చెబుతాడు.

అలాగని మా కమిటీ చేతులు ముడుచుకుని కూర్చుందనుకునేరు! కొత్త బోధకుల్ని వడపోయడానికి పందొమ్మిది ప్రశ్నల ఫారం తయారుచేశాం. టై కట్టుకున్నాడా? మైకు ఏ చేత్తో పట్టుకున్నాడు? మధ్యలో ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగాడు? పాటలప్పుడు కాలు ఆడించాడా? ఆడిస్తే మడమా, మొత్తం కాలా? ఈ మడమ మీదే రెండు మీటింగులు నడిచాయి. ప్రార్థనలో కళ్ళు పూర్తిగా మూశాడా అనేది పదకొండో ప్రశ్న. దానికి జవాబు రాయాలంటే కమిటీలో ఒకరు కళ్ళు తెరిచి ఉండాలి కదా! సంఘం కోసం ఆ త్యాగం నేనే చేస్తూ వచ్చాను.

ఆ ఫారం ఎంత గట్టిదో చెబుతాను వినండి. ఒకసారి రిటైరైన లెక్కల మాస్టారొకాయన వచ్చి వాక్యం చెప్పారు. నలభై నిమిషాల్లో నాలుగంటే నాలుగు వచనాలు! గొంతు పెంచలేదు, చెమట పట్టలేదు. చివర్లో, "నేను చెప్పానని నమ్మకండి, ఇంటికెళ్ళి మీరే తీసి చూసుకోండి" అన్నారు. తన మాట తనే నమ్మొద్దనే మనిషిని మేమెలా నమ్ముతాం? పందొమ్మిదికి ఆరు మార్కులు వేశాం. మళ్ళీ పిలవలేదు.

తర్వాత వచ్చాడు అసలు సిసలైన బోధకుడు. జనం ఆయన్ని "మెరుపు అయ్యగారు" అంటారట. మెడలో టై, కుడిచేతిలో మైకు, కదలని మడమలు. పందొమ్మిదికి పందొమ్మిది!

ఆయన బైబిల్లో ఉత్తరంలా ఉండే ఓ చిన్న పత్రిక పేరు చెప్పి, "ఎనిమిదో అధ్యాయంలో ఏమని రాయబడి ఉంది? మాత్ర మింగే నోట విశ్వాసం నిలవదు అని రాయబడి ఉంది!" అని గర్జించాడు. హాలంతా ఆమేన్. అందులో నా ఆమేన్ అన్నిటికంటే పెద్దది. గొప్ప కోసం చెప్పడం లేదు. "అన్నా, నీ దెబ్బకి స్పీకరు గుయ్యిమంది" అని కీబోర్డు వాయించే తమ్ముడే అన్నాడు.

అది ఆదివారం. శుక్రవారం పొద్దున మా అత్తగారు వంటింట్లో గిన్నె కడుగుతూ కడుగుతూ అలాగే కిందికి జారిపోయారు. ఆవిడ మా దగ్గరే ఉంటారు, చర్చికీ మాతోనే వస్తారు. ఎన్నో ఏళ్ళుగా బీపీ. ఆసుపత్రిలో నర్సు బీపీ చూసి, మళ్ళీ చూసి, డాక్టర్ని పిలవడానికి పరిగెత్తింది. మా ఆవిడ ఇంటి నుంచి మాత్రల డబ్బా తెప్పించి చూసింది. ఆదివారం గడి నుంచి శుక్రవారం గడి దాకా మాత్రలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

మధ్యాహ్నానికి అత్తగారు తేరుకున్నారు. "ఎందుకు మానేశావమ్మా?" అని మా ఆవిడ ఏడుపు.

"వాక్యంలో ఉందిగా" అన్నారు అత్తగారు.

బ్యాడ్జీ లేకపోయినా ఉన్నంత గంభీరంగా నేను అందుకున్నాను. "ఎవరో టై కట్టుకున్నాయన చెబితే నమ్మేయడమేనా అత్తయ్యా?"

"ఆయన్నెందుకు నమ్ముతాను నాయనా? ఆయనెవరో నాకేం తెలుసు! నువ్వు ఆమేన్ అన్నావుగా. నాకా అక్షరాలు ఆనడం లేదాయె. కాపలా ఉన్నవాడు, మా అల్లుడు చూడకుండా అంటాడా అనుకున్నా."

ఆవిడే మళ్ళీ, "ఏదీ, ఆ ఎనిమిదో అధ్యాయం తీసి చదువు. ముందూ వెనకా ఏముందో వింటాను" అన్నారు.

జిప్పు లాగి నా బైబిలు తీశాను. కొన్న రోజు ఎంత మెరిసిందో ఇవాళ్టికీ అంతే మెరుస్తోంది. అంచుల బంగారు పూత పేజీల్ని అంటించేసింది. గోటితో ఒక్కొక్కటీ విడదీసుకుంటూ వెళ్ళాను. ఒకటో అధ్యాయం, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఆ పత్రిక అక్కడితో అయిపోయింది. తర్వాతి పేజీలో ఇంకెవరి పత్రికో మొదలైంది.

"దొరకలేదా?"

"లేదత్తయ్యా. అసలు ఆ అధ్యాయమే లేదు."

"మరి ఆమేన్ ఎందుకన్నావు నాయనా?"

మా పందొమ్మిది ప్రశ్నల్లో ఈ ప్రశ్న లేదండీ. నా కళ్ళు తడయ్యాయి. ఇన్నాళ్ళూ తలుపు దగ్గర నిలబడ్డాననుకున్నాను. దొంగ తాళం పగలగొట్టి రాలేదు. నేనే తీసి, ఎదురెళ్ళి, లోపలికి పిలిచి, పెద్దావిడ పక్కన కూర్చోబెట్టాను.

ఆ సాయంత్రం అత్తగారు మాత్ర వేసుకున్నారు. ఇప్పుడు చెప్పండి, మెరుపు అయ్యగారు వరమా కాదా? ఆయన లేకపోతే నా బైబిలు పేజీలు ఈ జన్మకు విడివడేవా?

"చెప్పింది బైబిల్లో ఉందా?" అని ఇరవయ్యో ప్రశ్న చేర్చమని కమిటీకి రాశాను. "అందుకు అదంతా చదవాలి కదా బ్రదర్" అని వాయిదా వేశారు. ఈలోగా నా మీదే ఫిర్యాదు వచ్చింది. ప్రసంగం మధ్యలో పేజీలు తిప్పుతూ ఆరాధనకు అడ్డు వస్తున్నానట. ఆమేన్ ఆలస్యంగా అంటున్నానట, ఒక్కోసారి అసలు అనడమే లేదట. ఏదో దుర్బోధ అంటుకుందేమోనని అనుమానించి నా పేరున ఫారం నింపారు. పందొమ్మిదికి నాలుగు! బ్యాడ్జీ వెనక్కి ఇచ్చేశాను.

అయినా పని మాత్రం తప్పలేదు. ప్రతి ఆదివారం అత్తగారు నా పక్కనే కూర్చుంటున్నారు. ప్రసంగీకుడు వాక్యం చెప్పగానే హాలంతా ఆమేన్ అంటుంది. ఆవిడ మాత్రం అనరు. మోచేత్తో నన్ను పొడిచి, "దొరికిందా?" అని అడుగుతారు.