సంసారి సంచి

మా వాడికి ముబారక్ అని ముద్దుగా పేరు పెట్టుకున్నాం గానీ, వీధిలో అందరూ పిలిచేది బోరుబండి అనే. ఏడాది దాటి ఎంతో కాలేదు. ఎక్కడ కూర్చోబెడితే అక్కడ తవ్వుతాడు. తాడిపత్రి చుట్టుపక్కల ఎంత లోతు బోర్లు వేసినా నీళ్లు పడవు కానీ, మా వాడు కూర్చున్న చోటల్లా పడతాయి.

ఆ ఆదివారం ఉదయం మా ఆవిడ ఇర్ఫానా వాడిని తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఆమె ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఆరీఫక్క కూతురి పెళ్లి జాకెట్టు సాయంత్రానికల్లా ఇచ్చేయాలి. ఆ జాకెట్టు వీపు మీద నెమలి. నెమలి ఒంటినిండా రాళ్లు, పూసలు. పెళ్లికూతురి కంటే నెమలికే నగలెక్కువ.

“మాయమ్మ కొత్తచెరువు నుంచి వచ్చేదాకా వీన్ని నువ్వే చూసుకోవాల. నన్ను పిలవద్దు” అంది.

“ఫ్యాక్టరీలో ఇంతింత బండలు ఎత్తి పెట్టేటోన్ని. గుప్పెడంత పిల్లోడు నాకొక లెక్కనా?”

“బండలు పెట్టినచోట ఉంటాయి కదప్పా!”

నేను పనిచేసేది పాలిష్ బండల ఫ్యాక్టరీలో. ప్యాకింగ్ సెక్షన్. నా పేరు జిలాన్. నేను టేపు వేసిన పెట్టె అంటే లారీ బోల్తా పడినా ఊడదని పేరు. కొన్నవాళ్లు విప్పలేక ఫోన్ చేసి తిట్టిన సందర్భాలు ఉన్నాయి. వాటిని నేను ప్రశంసలుగానే తీసుకుంటాను.

ఇర్ఫానా గది తలుపు మూయబోతూ వెనక్కి తిరిగింది.

“ఇంకో మాట. కొళాయి రేపొస్తాది. డ్రమ్ములో అడుగున ఇన్ని నీళ్లుండాయి. వాడు పూసుకున్నా, నువ్వు పూసుకున్నా కడిగేకి లేవు.”

తలుపు పడింది. నా పని మొదలైంది.

ముందు ఉగ్గాని పెట్టాను. సగం బొరుగులు వాడి కడుపులోకి, సగం నా లుంగీలోకి వెళ్లాయి. లుంగీ దులుపుకుని చూసేసరికి వాడు రాగిపిండి డబ్బా దగ్గరున్నాడు. పిండి తుడిచి చూసేసరికి నూనె డబ్బా దగ్గరున్నాడు. నాకా, ఫ్యాను కింద వెల్లకిలా పడుకుని ఫోన్‌లో క్రికెట్ చూడాలని ఉంది. వాడికా, నన్ను నిలబెట్టి పరిగెత్తించాలని ఉంది.

అప్పుడే ఫోన్‌లో ‘సెన్సరీ బ్యాగ్’ అని ఒక వీడియో కనిపించింది. తెల్లటి ఇంట్లో, తెల్లటి బట్టలు వేసుకున్న ఒక తల్లి. జిప్ కవర్లో జుట్టుకు రాసుకునే జెల్ పోసింది, రంగు కలిపింది, పూసలు వేసింది, గాలి తీసి మూసింది, చుట్టూ టేపు వేసి బిడ్డ ముందు పెట్టింది. బిడ్డ కవరు మీద వేలితో నొక్కుతుంటే లోపల పూసలు అటూ ఇటూ జారుతున్నాయి. బిడ్డ నవ్వుతోంది. చేతికి తడి లేదు, నేలకు మరక లేదు. తల్లి పక్కన కూర్చుని కాఫీ తాగుతోంది.

నాకు కాఫీ కనిపించింది. టేపు కనిపించింది. ఇక ఆగలేకపోయాను.

“ఇర్ఫానా! నేను సెన్సరీ బ్యాగ్ చేస్తాండా!”

“సంసారి బ్యాగా?” లోపలి నుంచి గొంతు వచ్చింది. “ఉండే సంసారం చాలదా నీకి?”

చిక్కల్లా జెల్ దగ్గరే వచ్చింది. నా తల అచ్చం మా జిల్లా లాంటిది. అన్ని కాలాల్లోనూ బోడే. పడాల్సిన వానంతా గడ్డం మీద పడింది. జుట్టే లేనివాడి ఇంట్లో జెల్ ఎందుకుంటుంది? వంటింట్లో సబ్జా గింజలు కనిపించాయి. గ్లాసు నీళ్లలో వేస్తే నిమిషాల్లో ఉబ్బి, జారుడు జారుడుగా తయారయ్యాయి. అందులో ఎర్ర షర్బత్, మెరుపు కోసం శనక్కాయ నూనె కలిపి జిప్ కవర్లో పోశాను. ఇక పూసలు కావాలి. ముందుగదిలో ఇర్ఫానా బట్టల అలమరలో చిన్న రేకు డబ్బా ఉంది. మూత తీస్తే తళతళమని ఒకటే మెరుపు. మొత్తం కుమ్మరించాను. పిసినారితనం నా రక్తంలో లేదు.

గాలి తీయాలన్నారు కదా, కవరు మూలకు నోరు పెట్టి పీల్చాను. గాలి రాలేదు. సబ్జా వచ్చింది. మింగేసి, జిప్ మూసి, ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకున్న టేపుతో నాలుగు వైపులా బిగించాను. ఆ తర్వాత సంచిని నేలకు కూడా అతికించేశాను. సంచి కదలకపోతే పిల్లవాడూ కదలడని నా లెక్క.

నిజంగానే కదల్లేదు! ముబారక్ సంచి ముందు చతికిలబడి ఒక వేలితో నొక్కాడు. లోపల పచ్చరాయి ఒకటి చేపపిల్లలా జారిపోయింది. వాడు “బా!” అన్నాడు. రెండు చేతులతో చరిచాడు. రాళ్లన్నీ చెల్లాచెదురయ్యాయి. వాడు నవ్విన నవ్వుకు, ఉన్న నాలుగు పళ్లూ బయటపడ్డాయి.

నేను ఫ్యాను కింద వెల్లకిలా పడుకున్నాను. ప్రపంచంలో ఆడవాళ్లందరూ ఇంత చిన్న పనికి ఎందుకు గోల చేస్తారా అని జాలిపడుతూ ఉండగా, గది తలుపు తెరుచుకుంది. ఇర్ఫానా నేరుగా అలమర దగ్గరికి పోయింది.

“ఏమప్పా, నా రేకు డబ్బా ఖాళీగా ఉండాది. రాళ్లు యాడ?”

“ఏ రాళ్లు?”

“నెమలికి కుట్టాల్సిన రాళ్లు! బెంగుళూరు నుంచి తెప్పించినవి!”

ముబారకే సంచి మీద చెయ్యి వేసి “బా!” అని తల్లికి చూపించాడు. కన్నకొడుకే సాక్షి అయితే ఇక మగవాడికి దిక్కెవరు?

“తీయ్” అంది ఇర్ఫానా.

“వాడు ఏడుస్తాడే...”

“ఇప్పుడు తీయకపోతే నువ్వు ఏడుస్తావు.”

లాగాను. రాలేదు. గోళ్లతో గీకాను. రాలేదు. నా జీవితంలో మొదటిసారి నా ప్యాకింగ్ మీద నాకే కోపం వచ్చింది. పక్కన ముబారక్ గుంతకల్లు జంక్షన్లో ఇంజిన్ కూసినట్టు కూత అందుకున్నాడు. చివరికి టేపు కోసే బ్లేడు తెచ్చి, వాడిని ఇర్ఫానా చంకకు అందించి, సంచి మూల చిన్నగా కోశాను.

చిన్నగానే కోశాను. సంచికి మాత్రం చిన్న పెద్ద తేడా తెలియలేదు. అది నా మొహం మీదే పేలింది. షర్బత్ కళ్లలోకి, నూనె చెవుల్లోకి, సబ్జా ఎటు వీలైతే అటు. ఆ గలాటాలో ముబారక్ తల్లి చంకలోంచి జారి, నేరుగా ఆ మడుగులో దిగి ఈత మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడే మా అత్త గౌస్‌బీ చేతిసంచితో గడపలో నిలబడింది.

“యా అల్లా! పిల్లోని సుట్టూ కప్ప గుడ్లేంది అల్లుడా?”

“మనూర్లో కప్పలు యాడుండాయి అత్తా? అవి కూడా ఎప్పుడో బెంగుళూరికి కూలికి పోయినాయి. ఇవి సబ్జాలు.”

ఇర్ఫానా మా ఇద్దరినీ పట్టించుకోలేదు. టీ వడపోసే జల్లెడ తెచ్చి, మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క రాయీ ఏరింది. చిన్నవన్నీ దొరికాయి. నెమలి తల దగ్గర పెట్టాల్సిన పెద్ద పచ్చరాయి మాత్రం కనిపించలేదు. నెమలి కన్ను అదే.

ముగ్గురం ఒకేసారి ముబారక్ వైపు చూశాం. వాడి దవడ ఆడుతోంది.

“ఏదో నములుతాండాడు!” అంది ఇర్ఫానా. వేలు పెట్టి నోరు తెరిచింది. లోపల పొద్దుటి బొరుగు ఒకటి దొరికింది. రాయి లేదు.

“మింగేసినాడేమో...” అన్నాను. ఇర్ఫానా మొహంలో రక్తం లేదు. వాడిని ఎత్తి భుజాన వేసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తాను. ఒళ్లంతా ఎర్రగా కారుతున్న నన్ను చూసి ఆటోవాడు ఆపాల్సింది పోయి వేగం పెంచాడు. నేను కేకలు పెడుతున్నాను. ముబారక్ మాత్రం, బండి ఎక్కిన పెళ్లికొడుకులా అందరికీ చెయ్యి ఊపుతున్నాడు.

“నిలబడు అల్లుడా!” వెనక నుంచి మా అత్త అరిచింది. వచ్చి నా గడ్డం పట్టుకుంది. ఎంత అత్తయినా నడివీధిలో అల్లుడి గడ్డం పట్టుకోవడం ఏమిటని చుట్టుపక్కలవాళ్లు నోళ్లు తెరిచారు. ఆమె గడ్డంలోకి రెండు వేళ్లు పోనిచ్చి, పేను తీసినట్టు ఒకదాన్ని బయటికి లాగింది.

పచ్చరాయి.

ఇర్ఫానా నా చేతుల్లోంచి వాడిని లాక్కుని గుండెకు అదుముకుంది. కాసేపు ఏడ్చింది. తర్వాత నన్ను చూసింది. నేను గోడకేసి చూశాను.

“ఇంత రాయి బిడ్డ గొంతులో పడింటే ఏం చేస్తాంటివి?” అంది. గొంతు పెంచలేదు. అదే భయంగా ఉంది.

“పో, ట్యాంకరు కాడ నీళ్లు తీసుకురా” అంది మా అత్త, ఇంటి గడప దగ్గరే నా చేతికి కడవ ఇస్తూ. “ఈ అవతారంలోనే పో. దారిలో జనమే పక్కకు జరుగుతారు, లైన్లో నిలబడే పనుండదు.”

అత్త చెప్పింది నిజమే. జనం జరిగారు. ఈగలు మాత్రం జరగలేదు, నాతోనే వచ్చి నాతోనే ఇంటికి తిరిగి వచ్చాయి.

కడవలు మోసి, నేల కడిగి, నన్ను నేను కడుక్కుని వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ముబారక్ చాప మీద కూర్చుని ఇంకో సంచిని నొక్కుతున్నాడు. ఇర్ఫానా చేసింది. చీరలకు వచ్చే దళసరి కవరు, దాని లోపల ఇంకో కవరు. అందులో రంగునీళ్లు, నూనె, పట్టుగుడ్డ ముక్కల్ని అరచేయంత చేపల్లా కత్తిరించినవి. పూసా లేదు, రాయీ లేదు. మీద కాగితం పెట్టి ఇస్త్రీ పెట్టెతో అంచులు అతికించేసింది. పక్కనే మా అత్త, కళ్లార్పకుండా కాపలా.

“అంచుకు టేపు నువ్వే వేయి” అంది ఇర్ఫానా, నెమలికి కన్ను కుడుతూ. “నీకొచ్చేది అదొక్కటే కదా!”

సాయంత్రం ఆరీఫక్క వచ్చింది. జాకెట్టు చూసి మురిసింది. కానీ ఆమె కళ్లు మాటిమాటికీ చాప మీదికి పోతున్నాయి. నీళ్లలో నూనె బుడగలు, వాటి మధ్య పట్టుచేపలు. వాటి ముందు కదలకుండా కూర్చున్న బోరుబండి.

“ఇదేం మాయ? మీవోడు గమ్మున కూర్చోనుండాడు!”

“దీన్ని సంసారి సంచి అంటారమ్మా” అంది మా అత్త, తానే కనిపెట్టినట్టు.

“పెండ్లికి చుట్టాల పిల్లోల్లు ఒక దండు వస్తాండారు. పట్టుబట్టల మీద కుర్మా ఒంపుతారని ఇప్పట్నించే నాకు గుండెదడ. వాళ్లందరికీ ఇట్లాంటివి చేసిస్తావా ఇర్ఫానా?”

నేను గొంతు సవరించుకున్నాను. మంచి మాట వినిపించినప్పుడు మగవాడు తలుపు చాటున ఉండలేడు.

“అసలు ఈ ఐడియా నాదే ఆరీఫక్కా” అన్నాను.

ఇర్ఫానా నావైపు ఎంత ప్రేమగా చూసిందంటే, నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

“అవునక్కా, అంతా ఈయన బుర్రే. పిల్లోల్లంటే ప్రాణం. సంచులు నేను చేస్తా. పెండ్లిరోజు పిల్లోల్ని ఈయనే కూర్చోబెట్టుకొని చూసుకుంటాడు. పక్కన మనిషి లేకుండా ఈ సంచులు పిల్లోల్లకి ఇయ్యకూడదక్కా, ప్రమాదం. ఆ సంగతి ఈయనకు తెలిసినంతగా ఇంకెవురికీ తెల్దు.”

“ఎంత మంచి మనిషప్పా నువ్వు!” అంది ఆరీఫక్క. అక్కడే చేతులెత్తి దువా చేసింది నాకోసం. దువా అందుకున్నాక కాదని ఎలా అంటాను?

పెళ్లిరోజు ఫంక్షన్ హాలు ముందు అందరూ షామియానా కింద ఉన్నారు. నేను స్టేజీ పక్కగదిలో ఉన్నాను. పాకేవాళ్లు, తప్పటడుగుల వాళ్లు, అప్పుడే పరుగు నేర్చినవాళ్లు, అందరూ నా చుట్టూ. ఒకడు నా టోపీ పెట్టుకున్నాడు. ఒకతె నా గడ్డంలో నెమలి ఉందని ఎవరో చెప్పగా విని వెతుకుతోంది. ఫ్యాక్టరీలో నాతో పనిచేసే యేసన్న పళ్లు కుట్టుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చాడు.

“బిర్యానీ బ్రహ్మాండంగా ఉండాది జిలానన్నా! అడుగుకు వచ్చేసినట్టుండాది, బిన్నా రా!”

“ఎట్లొచ్చేది యేసన్నా? ఒగ నిమిషం ఈడ కూర్చో...”

ఆ మాటకు కిటికీ ఖాళీ అయింది.

నొక్కి నొక్కి పిల్లలు అలిసిపోయారు. సంచుల మీదే ఒక్కొక్కరు ఒరిగిపోయారు. ఒకడు నా కుడిభుజం మీద నిద్రపోయాడు. ముబారక్ ఎడమచేతి మీద. చెయ్యి కదిపితే దండు మొత్తం లేస్తుంది.

అప్పుడు వచ్చింది ఇర్ఫానా, కొత్త చీరలో, కుప్పగా బిర్యానీ వేసిన ప్లేటుతో. వెనక పెళ్లికొడుకు తరఫు ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు. నా చేతులు ఖాళీగా లేవని చూసి, నా ముందు కూర్చుని, పెద్ద ముక్క పెట్టి ముద్ద చేసి నా నోటికి అందించింది. పెళ్లయిన కొత్తలో కూడా ఇలా పెట్టలేదు. నా కళ్లు చెమర్చాయి. ఆబగా నోరు తెరిచాను. ముద్ద పెద్దది. పైగా పొగలు కక్కుతోంది.

“ఎల్లుండి గుంతకల్లులో పెండ్లికొడుకోల్ల వలీమా విందు ఉండాది కదా. ఈడికంటే రెండింతల పిల్లోల్లు వస్తారంట. ఈయమ్మోల్లు నిన్ను రమ్మని అడుగుతాండారు. నీకిష్టమేనా?”

నోట్లో నిప్పులాంటి ముద్ద. మింగలేను, ఉమ్మలేను, పిల్లలు లేస్తారని అరవలేను. కాదు కాదని చెప్పడానికి తల ఆడించాను. మంటకు అది కిందికీ పైకీ ఆడింది.

“చూసినారా, ఒప్పుకున్యాడు!” అంది ఇర్ఫానా వాళ్లతో, ఇంకో ముద్ద కలుపుతూ.