ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదు

ప్లాస్టిక్ కవర్లు మానేస్తే భూగోళం బాగుపడుతుందో లేదో నాకు తెలియదు. మా వీధి మాత్రం బాగా ఒళ్లు చేసింది! కాబట్టి పాఠకులారా, మీరూ ఈ పూటే మానేయండి. అనుభవం మీద చెబుతున్నాను.

మావారికి కొత్తపేట సెంటర్లో కొబ్బరికాయల కొట్టుంది. రెండు నెలల క్రితం ఆయన అమలాపురంలో ఏదో పర్యావరణ సభకి వెళ్లి, చెయ్యి చాపి ప్రతిజ్ఞ చేసి వచ్చారు. ఇకమీదట మా గడప లోపలికి ప్లాస్టిక్ ముక్క రాకూడదట. సభవాళ్లిచ్చిన ప్రతిజ్ఞాపత్రాన్ని హాల్లో గోడకి తగిలించారు కూడా. చెమ్మకి పాడవకుండా శుభ్రంగా లామినేషన్ చేయించి మరీ!

మొదటి దాడి మా అత్తయ్యగారి పరుపు కింద జరిగింది. ఆవిడ నాలుగు మడతలు పెట్టి దాచుకున్న కవర్లన్నీ బయటికి లాగేశారు.

"ఒరేయ్ ఒరేయ్! ఆ పసుప్పచ్చ కవర్లో నీ పెళ్లిబట్టలొచ్చేయిరా! ఇరవై రెండేళ్ల నించీ వాడతన్నాను. ఎక్కడన్నా చిల్లడిందేమో చూడు!"

"అదేనమ్మా ప్రమాదం. అది వెయ్యేళ్లయినా మట్టిలో కలవదంట."

"కలవనిదాన్ని పారెయ్యడం దేనికిరా మరి?"

ఈ ప్రశ్నకి జవాబు అమలాపురం సభలో చెప్పినట్టు లేదు. మావారు కవర్లు పట్టుకుని వెళ్లిపోయారు.

అక్కడినుంచి మా ఇంట్లో స్టీలు డబ్బాల శకం మొదలైంది. మా పెరట్లో పనసపండు కోస్తే ఇదివరకు తొనలు కవర్లో వేసి నాలుగిళ్లకీ పంచేదాన్ని. ఈసారి డబ్బాలో పెట్టి పక్కింటి చిట్టెమ్మగారికి ఇచ్చాను. చరిత్ర అక్కడే మలుపు తిరిగింది!

కవరుకి ఒక సద్గుణం ఉంది. దాన్ని ఎవరూ తిరిగి అడగరు, ఎవరూ తిరిగి ఇవ్వరు. డబ్బా అలా కాదే! ఇచ్చినవాళ్లకి చేర్చాలి. ఖాళీగా చేరిస్తే మర్యాదేనా? సాయంత్రానికి చిట్టెమ్మగారు గోడ మీదుగా మా డబ్బా అందించారు. నిండా సున్నుండలు.

"ఇవన్నీ ఎందుకండీ వదినగారూ!" అన్నాను.

"ఆయ్, బలేవారే! ఒట్టి డబ్బా ఎలా ఇచ్చేస్తానండి? పడుతుందేంటండి ఇంటికి?"

బాగానే ఉంది. కానీ సున్నుండలు మా డబ్బాలో పట్టక, మిగిలినవి ఆవిడ తన డబ్బాలో పెట్టి ఇచ్చారు. ఇప్పుడు ఆ డబ్బా నేను తిరిగి ఇవ్వాలి. ఒట్టిదిస్తే మా ఇంటికి మాత్రం పడుతుందా?

పెద్దపెద్ద చదువులవాళ్లు వాడిందే తిప్పి తిప్పి వాడాలని, సర్క్యులర్ ఎకానమీ అంటూ పుస్తకాలు రాస్తున్నారు. ఒక్కసారి మా వీధికి రమ్మనండి! పొద్దున్న పదింటికి బయల్దేరిన డబ్బా పొద్దుగూకేలోగా మూడిళ్లు తిరుగుతుంది. నెల తిరిగేసరికి మధ్యాహ్నం కునుకన్నది ఏ ఆడదానికీ లేదు. ఒకరు అరిసెలు, ఒకరు జంతికలు, ఒకరు రొయ్యల వేపుడు. ప్రతి పొయ్యి మీదా ఎవరిదో ఒకరి డబ్బా కోసం ఏదో ఒకటి ఉడుకుతూనే ఉంది. పారేయడానికి మెతుకు మిగలక వీధికుక్కలు చిక్కిపోయాయి. జీరో వేస్ట్ అంటే ఇదే కదండీ!

మరి ఈ డబ్బాలన్నీ తోమేదెవరని అడుగుతున్నారా? అలాంటి చిన్న విషయాలు భూగోళం ముందు మాట్లాడకూడదు.

ఇంత సవ్యంగా సాగుతుండగా ఒక ఘోరం జరిగింది. ఇంట్లో డబ్బాలన్నీ ఊరి మీదుంటే, మావారు ఉత్సాహం పట్టలేక పనసపొట్టు కూర, రోజూ ఆయన కొట్టుకి భోజనం వెళ్లే నా క్యారేజీలో పెట్టుకుని వెనకవీధి లక్ష్మీతులసి గారింట్లో ఇచ్చేసి వచ్చారు.

అది మామూలు క్యారేజీ కాదు. నా పెళ్లికి మా అమ్మ ఇచ్చిన మూడు గిన్నెల క్యారేజీ. మూత మీద 'చి.ల.సౌ. వెంకటదుర్గకు అమ్మ' అని చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించింది. ఇప్పుడు అమ్మ లేదు. ఆ చుక్కలున్నాయి.

వారమైనా అది తిరిగి రాలేదు. వెతుక్కుంటూ బయల్దేరాను.

"అయ్యో, నింపి ఆ మర్నాడే పంపించేసేనండి చివరింటికి! మూత చూళ్లేదు, వాళ్లదనుకున్నానండి," అన్నారు లక్ష్మీతులసి గారు. చివరింటివాళ్లు చెరువుగట్టు ఇంటికి పంపారట. అక్కడా లేదు. క్యారేజీ దొరకలేదు గానీ వెళ్లిన ప్రతిచోటా కూర్చోబెట్టి తినిపించారు. పైగా తలా ఒక డబ్బా చేతిలో పెట్టారు. ఒక్క గిన్నె కోసం వెళ్లినదాన్ని మూడు గిన్నెల అప్పుతో ఇల్లు చేరాను.

పదకొండో రోజున చిట్టెమ్మగారు గోడ మీదుగా నా క్యారేజీ అందించారు. "ఎవరిదో తెలీలేదండి, మూత చూస్తే మీ పేరుంది!"

గుండెలకి హత్తుకుని, మూత తీశాను. కజ్జికాయలు. ఒక కజ్జికాయకి అంచు చేత్తో మడిచి ఉంది. పది రోజుల క్రితం నా కజ్జికాయల చెక్క విరిగితే చేత్తో మడిచి, ఎవరి డబ్బాలోనో పెట్టి పంపింది నేనే! నా మడత నాకు తెలియదా? ఊరంతా తిరిగి నా వంట నా ఇంటికే వచ్చింది. రీసైక్లింగ్‌లో ఇంతకన్నా పురోగతి ఏ దేశం సాధించిందో చెప్పండి!

ఆ క్యారేజీ తోముతుంటే నాకు జ్ఞానోదయమైంది. ఇరవై రెండేళ్లుగా ఇది రోజూ మావారి కొట్టుకి నిండుగా వెళ్తోంది. ఖాళీగా వస్తోంది. ఎండిన మెతుకులతో, కడగకుండా! ఊరంతటికీ ఉన్న ఆచారం ఈ ఒక్క గిన్నెకి ఎందుకు లేదు?

మావారు రాగానే అడిగాను. ఆయన నవ్వబోయారు. మంచం మీద అత్తయ్యగారు నవ్వలేదు. పసుప్పచ్చ కవరు ఆవిడ మరిచిపోలేదు.

"నిజమేరా. ఒట్టి గిన్నె ఇంటికి తేకూడదు. తోమి, ఏదో ఒకటి పెట్టి తీసుకురా."

మర్నాడు క్యారేజీ తళతళలాడుతూ వచ్చింది, లోపల రెండు అరటిపళ్లు. మావారు నడుం పట్టుకుని కూర్చున్నారు. కూర జిడ్డు అంత తొందరగా వదలదట. ఇరవై రెండేళ్లలో ఈ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదట!

నిన్న సాయంత్రం మూత తీస్తే మిరపకాయ బజ్జీలు! వేడివేడిగా. నల్లటి ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఉన్నాయి. గోడ మీది ప్రతిజ్ఞాపత్రం వంక ఒకసారి చూసి, "ఈ కవరెందుకండీ?" అన్నాను.

"గిన్నెకి నూనంటుకుంటే ఎవరు తోముతారే? నేనే కదా!"

పాఠకులారా, ప్లాస్టిక్ ఈ లోకంలోకి ఎందుకొచ్చిందో మావారు రెండు రోజులు గిన్నెలు తోమి కనిపెట్టేశారు.

బజ్జీలు పళ్లెంలోకి తీసి, కవరు పారేయబోయాను.

"ఆగవే అమ్మాయ్, ఇలా ఇయ్యి," అంటూ అత్తయ్యగారు చెయ్యి చాపారు. ప్రతిజ్ఞ చేయడానికి కాదు.