విడుదల కాయితం

ఆ రోజు ఉదయ్ భాస్కర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. సారపాక నుంచి వచ్చే అక్క పద్మప్రియ చేత తహసీల్దార్ ఆఫీసు దగ్గర ఒక సంతకం పెట్టించాలి. చేతిలో పట్టుచీర పెట్టి తిరుగు బస్సెక్కించాలి. అంతే, తాతలనాటి తొమ్మిదెకరాల మిర్చి చేను అతనొక్కడి పేర పడుతుంది. "నాయన పోయిండు గదా, పట్టా మార్చడానికి సాక్షి సంతకం అక్కా" అని ముందురోజే చెప్పి ఉంచాడు.

పొద్దున్నే జాగ్రత్త కోసం ఆమెకు వాయిస్ మెసేజ్ కూడా పంపాడు. "అక్కా, విడుదల కాయితం రెడీ అయింది. జల్దీ రా. బావకు మాత్రం చెప్పకు, లొల్లి చేస్తడు."

పద్మప్రియ ఫోను చార్జింగులో మర్చిపోయి మొదటి బస్సుకే వెళ్లిపోయింది. ఆ మెసేజ్ విన్నది సాక్షాత్తూ బావే. పేపరు మిల్లులో కాంట్రాక్టు పనిచేసే జయప్రకాశ్‌కు తెలిసింది మొగుడూ పెళ్లాలు విడిపోయేటప్పుడు రాసుకునే విడుపు కాయితం ఒక్కటే. పోయినేడు పక్కింటి మోతీకి పెళ్లాం ఇచ్చి పోయింది అదే. విడుపైనా విడుదలైనా ఒకటే గదా! నిన్న చేపల పులుసులో ఉప్పెక్కువైందని తను కసిరిన మాట గుర్తొచ్చింది. వెంటనే అత్త ఆదెమ్మకు ఫోన్ చేశాడు.

"అత్తమ్మా, ఈ విడుదల సంగతి నీకు తెలుసా?"

"తెల్వకేంది అల్లుడా! మీ మామ ఉన్నప్పుడే అయిపోవాల్సింది."

"అప్పటి నుంచేనా? మరి నన్నొక మాట అడగొద్దా?"

"నిన్నడిగేదేముంది? అది మా ఇంటి సంగతి. తహసీల్దార్ ఆఫీసు కాడికే పోతున్నం, చీర గూడ కొన్నం."

"చీర గూడనా!"

జయప్రకాశ్ బండి తీశాడు. కొత్తగూడెం దాకా ఏడ్చాడు. అక్కడి నుంచి కోపం తెచ్చుకున్నాడు.

ఆఫీసు ముందు, కాయితాలు రాసే పగిడయ్య బల్ల దగ్గర పద్మప్రియ అప్పుడే పెన్ను అందుకుంది. తల్లీ కొడుకులు చెరో పక్క నిలబడ్డారు. జయప్రకాశ్ హెల్మెట్ కూడా తీయకుండా వచ్చి ఆ పెన్ను లాక్కున్నాడు.

"పద్మా, ఉప్పు ఎంతన్న వెయ్యి, ఒక్క మాట అనను! ఈ సంతకం మాత్రం పెట్టకు!"

"ఏందయ్యా, ఉప్పేంది?" అంది ఆమె బిత్తరపోయి.

అతను బావమరిది వైపు తిరిగాడు. "నేను బతికుండంగనే నా పెళ్లాన్ని నాకు కాకుండ విడిపిస్తవా?"

"అయ్యో, నీ నుంచి కాదు బావా, చేను నుంచి!" అని ఉదయ్ భాస్కర్ నోరు జారాడు.

"చేను నుంచి నన్ను విడిపించేదేందిరా?" అంది పద్మప్రియ.

జనం మూగుతున్నారు. పగిడయ్యకు విసుగొచ్చింది. "లొల్లి వద్దు, చదువుత, అందరు వినుండ్రి" అని కళ్లజోడు సర్దుకున్నాడు. "పూర్వీకుల ఆస్తిలో కుమార్తెనైన నాకు గల సమాన హక్కును, ఎట్టి ప్రతిఫలము లేకుండా, నా తమ్మునికి విడుదల చేయుచున్నాను..."

"ఆగు! నాకు హక్కుందా?"

"ఎందుకుండదమ్మా? కొడుకుతోటి సమానం. తొమ్మిదిట్ల తమ్మునికి నాలుగు, నీకు నాలుగు."

"సాక్షి సంతకమంటివి గదరా!" అంది పద్మప్రియ. "బడి మానిపిచ్చి ఆ చేన్లనే నాతోటి మిర్చి ఏరిచ్చిండ్రు. పెళ్లైనంక గట్టు గూడ నాది కాదని, ఆ దారిన పోయినప్పుడల్ల తల తిప్పుకొని పోయిన." చీర పొట్లం తమ్ముడి చేతిలో పెట్టేసింది.

ఉదయ్ భాస్కర్ తల్లి వైపు దీనంగా చూశాడు. "నువ్వన్న చెప్పమ్మా అక్కకు."

ఆదెమ్మ వేళ్లు లెక్కపెడుతోంది. "నాలుగూ నాలుగు ఎనిమిదే గదా పగిడయ్యా. ఇంకో ఎకరం ఎవలది?"

"నీదే. నీ పెనిమిటి భాగంల నీకొచ్చేది."

ఆదెమ్మ కొంగు సర్దుకుంది. ఈసారి ఆమె కొడుకు వైపు చూడలేదు. "అయితే బోరున్న ఎకరం నాది. నీళ్లు ఇద్దరికి ఇస్త. అడిగే తీరును బట్టి."

జయప్రకాశ్ అప్పుడు హెల్మెట్ తీశాడు. "ఇంతకూ నన్ను విడువవు గదా?"

"ఇంటికి పోయినంక చెప్త. పొద్దటి నుంచి ఏం తినలే, ముందు బజ్జీలు పట్రా" అంది నాలుగెకరాల పద్మప్రియ.

విడుదల కాయితం నాలుగు మిర్చి బజ్జీల నూనె పీల్చి, ఆ పూటకు తన పని తాను చేసింది.